అద్దమక్క చెక్కిన డాలు

అద్దమక్కకు ఆ పేరు ఎవరు పెట్టారో ఆమెకే గుర్తులేదు. అద్దంలాంటి ముఖం కనక పెట్టారనుకుంటే పప్పులో కాలేసినట్టే. ఆమె పనిబల్ల మీద, ఉలులకూ చెక్కపొట్టుకూ మధ్య, ఎప్పుడూ ఒక అద్దం నిలబెట్టి ఉంటుంది. అందులో ఆమె తన ముఖం చూసుకోగా చూసినవాళ్ళు లేరు. చెక్కిన అచ్చును దానికి చూపిస్తుంది, అంతే. తాళ్ళ కంపెనీలో, గోతం చుట్టి కట్టిన బేళ్ళ మీద కొట్టే ముద్రలన్నీ ఆమె అచ్చులే. అచ్చు మీద బొమ్మ తిరగేసి ఉంటేనే గోతం మీద సవ్యంగా పడుతుంది కదా! అందుకని అద్దమక్క దేన్నయినా ముందు తిరగేసి చూస్తుంది, ఆ తర్వాతే తిన్నగా చూస్తుంది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని ఆమె మొగుడు వేళాకోళం చేస్తుంటాడు. ఆయన ఆ కంపెనీ బేళ్ళు మోసే లారీకి డ్రైవరు.

ఈ విద్య ఆమెకు తండ్రి నుంచి వచ్చింది. ఆయన సబ్బుల వాళ్ళకూ బిస్కెట్ల వాళ్ళకూ అచ్చులు చెక్కేవాడు. పిల్ల బడికి పోకముందే ఆ అచ్చుల మీద వేలు పెట్టి అక్షరాలు నేర్చేసుకుంది. తీరా బళ్ళో పలక మీద రాస్తే అన్నీ వెనక్కి తిరిగి కూర్చున్నాయి. టీచరమ్మ తండ్రిని పిలిపించి పలక చేతిలో పెట్టింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, సిగ్గుపడాల్సింది పోయి, "అబ్బ! ఎంత పొందిగ్గా రాసిందండీ! ఉన్నదున్నట్టు చెక్కేయొచ్చు!" అని మురిసిపోయాడట. అలాంటి తండ్రి ఉంటే పిల్ల ఇంకేమవుతుంది?

అంత పని చేతిలో ఉన్నా ఆమెకు ఒక దిగులు ఉండేది. అచ్చును ఎవరూ చూడరు. సిరాలో ముంచుతారు, గోతం మీద కొడతారు, మూలన పడేస్తారు. అరిగిపోతే పొయ్యిలోకి పోతుంది. తండ్రి చెక్కినవి ఇంట్లో ఒక్కటంటే ఒక్కటి మిగల్లేదు. వానలకు కట్టెలు తడిసినప్పుడల్లా వాటితోనే అన్నం వండుకున్నారు మరి. ఒకసారి రేవు రోడ్డులో లారీ ఆగి ఉంటే, బేలు మీద తను చెక్కిన చేప ముద్రను మొగుడికి చూపించింది.

"చూశావా, నా చెయ్యి!"

"నీ చెయ్యెక్కడుందే అందులో? అది సిరా," అన్నాడాయన, టైరును కాలితో తన్ని గాలి చూసుకుంటూ.

ఆయన సరదాకే అన్నాడు. ఆమెకు మాత్రం ఆ మాట సూదిలా గుచ్చుకుంది. తన ఉలి దెబ్బ తిన్న కొయ్య ఒక్కటి, ఏ సిరా చాటూ లేకుండా, నలుగురూ తలెత్తి చూసే చోట నిలబడాలని అప్పటి నుంచీ కోరిక. ఆ కోరిక ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారని భయం.

ఆ రేవులో అదివరకు మూడు తాళ్ళ షెడ్లుండేవి. పైషెడ్డు, నడిమిషెడ్డు, రేవుషెడ్డు. ఒకరి తాడు పేరెత్తితే ఇంకొకరికి ఒళ్ళు మండేది. మూడింటినీ కలిపి ఒకే కంపెనీ చేసింది యజమానమ్మ. ఆవిడ మాటకారి కాదు, పనికారి. పెద్ద గేటు కూడా కట్టించింది. షెడ్లయితే కలిశాయి గానీ మనుషులు కలవలేదు. మధ్యాహ్నం అన్నాలకు కూర్చుంటే ఎవరి నీడ వాళ్ళది, ఎవరి ముంత వాళ్ళది. ఇలా లాభం లేదని యజమానమ్మ మూడు షెడ్ల పెద్దలనూ, అచ్చుల పని తెలిసిన మనిషని అద్దమక్కనూ ఆఫీసు గదిలోకి పిలిపించింది.

"మనందరికీ కలిపి ఒకటే గుర్తు కావాలి. పూర్వం రాజులకి డాలు మీద ఉండేదే, అలాంటిది. గేటు నెత్తిన పెడదాం," అంది.

"డాలంటే సింహం ఉండాలండీ," అన్నాడు పైషెడ్డు మేస్త్రీ, మీసం సర్దుకుంటూ.

"సింహానికీ మనకీ ఏం చుట్టరికం? మన తాడుతో ఎప్పుడైనా సింహాన్ని కట్టేశారా?" అంది యజమానమ్మ.

"కట్టేసింది మేకల్నే," అన్నాడు నడిమిషెడ్డు మేస్త్రీ. "మేకని పెట్టించండి."

"తాడు నమిలి పారిపోయేది కూడా అదేనయ్యా," అన్నాడు పురితాత. పురితాత రేవుషెడ్డు పెద్ద. తాడును కళ్ళు మూసుకుని తడిమి, ఏ షెడ్డులో పేనారో, పేనినవాడు ఆ పూట అన్నం తిన్నాడో లేదో కూడా చెప్పగలడని ప్రతీతి. పురి అంటే తాడులోని మెలిక. ఆ మెలిక ఆయన ప్రాణం.

"సాలీడైతే?" అంది అద్దమక్క ఉండబట్టలేక. "దారం తీసి కట్టేది అదే కదా!"

"బూజు పట్టిన కంపెనీ అనుకుంటారమ్మా," అంది యజమానమ్మ.

అందరూ పగలబడి నవ్వారు. మూడు షెడ్లవాళ్ళు ఒకే గదిలో కలిసి నవ్వడం అదే మొదలేమో. చివరికి కొంగ నెగ్గింది. రేవులో ఏ పడవను చూసినా, గట్టుకు కట్టిన తాడు మీద కొంగ వాలి ఉంటుంది. "తాడు గట్టిదో కాదో కొంగకి తెలిసినంత మనకి తెలీదు," అన్నాడు పురితాత. అలా డాలుకు అటొక కొంగ, ఇటొక కొంగ, ఎదురుబొదురుగా నిలబడ్డాయి. డాలు మధ్యలో పురి తిప్పే చక్రం, అది ఆగితే ఎవరికీ అన్నం లేదు కనక. రాజుల డాళ్ళకు కిరీటం ఉండే చోట ఒక బేలు. డాలు అంచు చుట్టూ తాడు. ఆ తాడుకు మూడు పాయలు, మూడు షెడ్లకూ గుర్తుగా.

అక్కడే తంటా వచ్చి పడింది.

"మా షెడ్డంటే ఒక పాయా?" పైషెడ్డు మేస్త్రీ మూతి ముడిచాడు. "మేం తాళ్ళు పేనినవాళ్ళం అమ్మగారూ. పాయలు చేసి అమ్ముకున్నవాళ్ళం కాదు."

"అదీ నిజమే," అన్నాడు నడిమిషెడ్డు మేస్త్రీ. ఆయన పైషెడ్డు మేస్త్రీ మాటకు తలూపడం చూసి పురితాత నోరు తెరిచాడు.

యజమానమ్మ ఆ గొణుగుడు చెవిన వేసుకోలేదు. అద్దమక్క వైపు తిరిగి, "ఏమ్మా, తలుపంత కొయ్య తెప్పిస్తాను. చెక్కగలవా?" అంది.

"చెక్కగలవా అని అడుగుతారేంటమ్మగారూ! ఎప్పుడు మొదలెట్టాలో చెప్పండి!" అంటూనే అద్దమక్క లేచి నిలబడింది. ఇంటికి నడవలేదు, పరిగెత్తింది. మొగుడు పొయ్యి దగ్గర కూర్చుని ఉంటే, గుమ్మంలోంచే అరిచింది. "గేటు మీద! సిరా లేదు, అచ్చు లేదు! కొయ్యే! నేను చెక్కిన కొయ్యే!"

"ముందు ఊపిరి పీల్చుకోవే," అన్నాడాయన. "ఎవరో తరుముతున్నారేమో అనుకున్నాను."

ఇక ఆమెను పట్టడం ఎవరి తరం? కొయ్య వచ్చింది. బొమ్మ గీసిన పల్చటి కాగితమూ వచ్చింది. అద్దమక్క చిన్నప్పటి నుంచి చేస్తున్నట్టే కొయ్యకు జిగురు పూసి, కాగితాన్ని అంటించి, గీతలు తేలేలా పైన నూనె రుద్ది, ఉలి అందుకుంది. పనిగది తలుపు వేసేసుకుంది. ఎవరైనా తొంగిచూస్తే కొయ్య మీద గోతం కప్పేసేది. మొగుడు అడిగినా అంతే, "నలుగురితో పాటు చూద్దువుగాని" అనేది. అన్నం తింటూ కొంగ ఈకల గురించి మాట్లాడేది, నిద్రలో చక్రం ఆకుల గురించి. పని అయ్యాక, అలవాటు ప్రకారం అద్దం తెచ్చి ఎదురుగా పెట్టి చూసుకుంది. కొంగలు బాగున్నాయి. చక్రం బాగుంది. తాడు, ఆహా, ఇప్పుడే పేని తెచ్చి చుట్టినట్టుంది! ఆమె ఒక్కతే గదిలో చప్పట్లు కొట్టుకుంది. ఆత్రగాడికి బుద్ధి మట్టు అంటారు గానీ, ఆ క్షణంలో ఆమెను చూస్తే ఎవరూ ఆ మాట అనలేరు.

గేటు తెరిచే రోజు పొద్దున్నే, పనికి పిలిచే సైరను కూతకు ముందే అందరూ చేరారు. డాలును గేటు మీదికి ఎక్కించి గుడ్డ కప్పారు. మూడు షెడ్లవాళ్ళూ మూడు గుంపులుగా నిలబడ్డారు. అద్దమక్క ఇస్త్రీ చీర కట్టుకుని, ఏ గుంపులోనూ చేరకుండా, కాలు కాలిన పిల్లిలా అటూ ఇటూ తిరుగుతోంది. యజమానమ్మ గుడ్డ లాగింది.

"ఓ!" అన్నారు జనం.

ఆ "ఓ" కోసమే కదా ఆమె బతికింది! "కొంగ కన్ను చూడవే, మనల్నే చూస్తోంది!" అంది ప్యాకింగులో పనిచేసే పిల్ల. "ఆ బేలు ముడి చూడు, విప్పబుద్ధేస్తోంది," అన్నారెవరో. అద్దమక్కకు ఒళ్ళంతా గాల్లో తేలుతున్నట్టుంది. ఆ సమయంలో పురితాత కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని, మెడ వంచి, మళ్ళీ తిప్పి, నెమ్మదిగా అన్నాడు.

"అమ్మాయ్, ఇది ఎడమపురి."

మరుక్షణం రేవుషెడ్డు గుంపులో ఎవరో కిసుక్కున నవ్వారు. అది పైషెడ్డుకు పాకింది, నడిమిషెడ్డుకు పాకింది. లోకంలో తాడంటే కుడిపురి. ఆ పని మొదలుపెట్టిన వాళ్ళకు మొదటి రోజు నేర్పే సంగతి అది. తాళ్ళ కంపెనీ గేటు నెత్తిన తాడు ఎదురు తిరిగి కూర్చుంది!

"అక్కణ్ణించి అలా కనిపిస్తోందేమో తాతా, ఇటొచ్చి చూడు," అంది అద్దమక్క.

"ఎటొచ్చి చూసినా పురి మారదు తల్లీ. తాడుని తిరగేసినా, తలకిందులు చేసినా కుడిపురి కుడిపురే. ఒక్క అద్దంలో చూస్తేనే మారేది."

ఆ మాటతో అందరి తలలూ ఆమె వైపు తిరిగాయి. అప్పుడు తెలిసింది ఆమెకు తను చేసిందేమిటో. కాగితాన్ని అచ్చుకు అంటించినట్టే ముఖం కిందకి పెట్టి అంటించింది. బొమ్మంతా తిరగబడింది. అచ్చు అయితే అదే సరి. ఇది అచ్చు కాదు కదా! తీరా సరిచూసుకున్నది అద్దంలో. అద్దం తప్పును మళ్ళీ తిరగేసి ఒప్పుగా చూపించింది. కొంగలను ఎటు తిప్పినా కొంగలే, చక్రమూ అంతే. ఒక్క అక్షరం ఉన్నా మొదటి రోజే పట్టుబడేది. పట్టుబడటానికి మిగిలింది తాడొక్కటే, చూసేవాళ్ళందరూ తాళ్ళు పేనేవాళ్ళే.

"దించేయండి," అంది యజమానమ్మ. ఆవిడకు కోపం లేదు, అదే మరీ కష్టం. "కొనడానికొచ్చినవాడు గేటు దగ్గరే నవ్విపోతాడు. పెయింటర్ని పిలిపించి రేకు మీద వేయిద్దాం. నువ్వేం బాధపడకమ్మా."

బాధపడకుండా ఎలా ఉంటుంది? ఇప్పుడు దిగితే ఇది మళ్ళీ ఎక్కదు. కొంగలు, చక్రం, బేలు, అన్నీ కలిపి ఏ వానాకాలమో పొయ్యిలోకి పోతాయి. పక్కన పురితాత, నవ్వినందుకు తనవాళ్ళ మీద విసుక్కుంటూ, తనలో తాను గొణుగుతున్నాడు. "ఎడమపురి మోకుకుంటుంది గానీ తాడుకెక్కడన్నా ఉంటుందా..."

అద్దమక్క ఆయన చొక్కా పట్టుకుంది. "ఏమన్నావు తాతా? మళ్ళీ చెప్పు!"

"మోకమ్మా, మోకు. ఓడలు కట్టే లావుపాటిది. మూడు తాళ్ళు తీసుకుని కలిపి పేనితే మోకవుతుంది. తాళ్ళది కుడిపురి కదా, మోకుని ఎదురు తిప్పాలి. అప్పుడే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, లేకపోతే విడిపోతాయి."

"మూడు తాళ్ళా?"

"మూడు తాళ్ళే. నీకెందుకే ఇప్పుడది..."

ఆమె వినడం లేదు. తలెత్తి డాలు వైపు చూస్తోంది. అంచు తాడులో మూడు పాయలు, నున్నగా, గుండ్రంగా, ఇంకా ఏ గీతా పడకుండా మెరుస్తున్నాయి. ఒక్కసారిగా గట్టిగా అరిచింది. "అవి పాయలు కావు! తాళ్ళు! ఒక్కో పాయ మీదా కుడిపురి చెక్కితే ఒక్కో తాడవుతుంది! మూడు తాళ్ళు కలిసిన మోకు! అమ్మగారూ, అది మోకండీ!"

పైషెడ్డు మేస్త్రీ గుంపును తోసుకుని ముందుకొచ్చాడు. "అంటే మా షెడ్డు... తాడా?"

"తాడే బాబాయ్, తాడే! పాయ కాదు!"

"అయితే చెక్కనివ్వండి అమ్మగారూ," అన్నాడాయన. "మాదీ అదే మాట," అన్నాడు నడిమిషెడ్డు మేస్త్రీ. యజమానమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. కాసేపట్లో కూత పడుతుంది, పని మొదలవ్వాలి. అంతలో తాడంతా చెక్కడం అయ్యే పని కాదు.

"ఒక్క వంపు చెక్కుతాను," అంది అద్దమక్క. "పైన, అందరికీ కనిపించేచోట. కూత పడేసరికి చూడండి. నచ్చకపోతే నేనే దించేసుకుంటాను." తాడో పేడో అక్కడే తేల్చుకోవాలనుకుంది. యజమానమ్మ తలూపింది.

మొగుడు ఎప్పుడు వెళ్ళాడో, పనిగదిలోంచి ఉలులూ కొయ్యసుత్తీ తెచ్చి నిలబడ్డాడు. నిచ్చెన వేశారు. ఇస్త్రీ చీర కొంగు బొడ్లో దోపుకుని ఎక్కింది. కింద నిచ్చెన పట్టుకున్నది ఆయనే. ఉలి పెట్టింది, సుత్తి ఎత్తింది, ఆగిపోయింది. చెయ్యి మళ్ళీ అలవాటు కొద్దీ తిరగేసిన వాలుకే పోతోంది! ఇంకొక్క దెబ్బ వేసి ఉంటే అంతా అయిపోయేది. కిందికి వంగి గొంతు చించుకుని అడిగింది.

"నాకు చెయ్యి తిరగబడుతోంది తాతా! కుడిపురి ఎటు? చూపించండి నాకు!"

పురితాత రెండు చేతులూ గాల్లోకి ఎత్తి, లేని తాడును పేనాడు. ఆయన వెనక రేవుషెడ్డు వాళ్ళు చేతులెత్తారు. పైషెడ్డు, నడిమిషెడ్డు ఊరుకుంటాయా? చూస్తుండగానే గేటు ముందున్న జనమంతా, ప్యాకింగు పిల్లలతో సహా, చేతులు పైకెత్తి కుడిపురి తిప్పుతున్నారు. అన్ని చేతులూ ఒకే వాటం! అద్దమక్క ఆ చేతుల వంక చూస్తూ మొదటి గీత వేసింది. చూస్తూ రెండోది వేసింది. మూడో గీత నుంచి ఇక కిందకి చూడాల్సిన అవసరం రాలేదు.

"హమ్మయ్య, పడింది! కుడిపురి పడింది!" అని ఎవరో కేక పెట్టారు. తర్వాత ఉలి చప్పుడు తప్ప ఏమీ లేదు. మేడి పండు రంగు పొట్టు సుడులు తిరుగుతూ మొగుడి నెత్తి మీద, భుజాల మీద పడుతోంది.

"పొట్టు కళ్ళల్లో పడుతోంది, తప్పుకో!" అంది పై నుంచి.

"నువ్వు చెక్కవే. నేను చూస్తున్నాను," అన్నాడాయన.

నున్నటి పాయ తాడైంది. దాని పక్కది తాడైంది. మూడోదీ అయింది. మూడూ కుడిపురి, మూడు కలిసిన వంపు ఎడమపురి. లావుగా, బిగువుగా, ఓడను కట్టినా తెగనట్టుంది. చెక్కడం పూర్తయి ఆమె ఉలి వెనక్కి తీసిందో లేదో, కూత పడింది. ఫ్యాక్టరీ గోడలు దద్దరిల్లేలా పెద్ద కూత.

"ఆ పెయింటర్ని రావద్దని చెప్పండి," అంది యజమానమ్మ గేటు కాపలాదారుతో.

అద్దమక్కకు ఆ మాట వినబడింది. నిచ్చెన మీదే కళ్ళు తుడుచుకుని, ఇక వీళ్ళంతా లోపలికి పోతారు, దిగుదామని ఒక మెట్టు కిందకి అడుగు వేసింది. గేటు బార్లా తెరిచే ఉంది. కూత ఆగింది. ఎవరూ కదల్లేదు. మేస్త్రీలు కదల్లేదు, లారీల వాళ్ళు కదల్లేదు, కూత పడ్డాక నిమిషం నిలబడితే ఊరుకోని యజమానమ్మ కూడా మెడ ఎత్తుకుని అక్కడే నిలబడింది. మూడు గుంపులూ ఎప్పుడో ఒకటైపోయాయి, ఎవరి పక్కన ఎవరున్నారో వాళ్ళకే పట్టలేదు.

అద్దమక్కకు కంగారు పుట్టింది. మళ్ళీ ఏం తప్పు చేశానో అనుకుంది. "ఏంటలా నిలబడ్డారు? కూత పడింది, పనికి పోరా?" అని అరిచింది.

పురితాత డాలు మీంచి కళ్ళు తిప్పకుండానే చెయ్యి ఊపాడు.

"ఉండమ్మా," అన్నాడు, "కాసేపు చూడనీ."